ర్యాలీలో మార్షల్‌గా పనిచేయాలంటే

కావలి నుంచి ప్రశ్న: కారు పోటీలో దిగే స్తోమత లేకపోయినా ర్యాలీలంటే ప్రాణమిచ్చే నాలాంటివారు చెన్నైలో జరిగే పోటీలకు స్వచ్ఛందంగా మార్షల్‌గా (పోటీ సజావుగా, భద్రంగా సాగేలా చూసే సహాయకుడిగా) వెళ్లాలంటే ఏమేమి తెలిసి ఉండాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

నెల్లూరు సభ్యుడు: ముందుగా నిర్వాహక క్లబ్బుకు రాయండి. టైమ్ కంట్రోల్‌లో, అంటే కార్లు నిర్ణీత సమయానికి చేరి తమ కార్డు మీద సమయం వేయించుకునే చోట, వేస్తే మాత్రం జాగ్రత్తగా ఉండాలండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కారు ఒక నిమిషం ఆలస్యమైతే 10 సెకన్లు, ఒక నిమిషం ముందే వస్తే ఏకంగా 1 నిమిషం జరిమానా పడుతుంది కనుక, పోటీదారులు ఎంత తొందరపెట్టినా గడియారం చూసి, కొట్టివేతలు లేకుండా కార్డు మీద సమయం వేయాలి.

ఒంగోలు సభ్యురాలు: స్టేజి (వేగపు పోటీ కోసం మూసేసిన దారి) లోపల పోస్టు ఇస్తే మలుపు బయటివైపు నిలబడకండి, అదుపు తప్పిన కారు వచ్చేది అటే. నిజానికి సగం పని మేకలను, సెల్‌ఫోన్ పట్టుకున్న కుర్రకారును దారికి దూరంగా ఉంచడమే. పోటీ అయ్యాక స్టేజి దారిని మళ్లీ తెరిచేదాకా కదలలేరు కాబట్టి మంచినీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి.