అప్‌డేట్: యూకేలో కొత్త డ్రైవర్‌కి కార్ ఇన్సూరెన్స్

పోయిన నెల అడిగాను కదా, వయసు 21, లైసెన్స్ కొత్తగా వచ్చింది, బర్మింగ్‌హామ్‌లో పాత కారు కొంటుంటే కారు ధర కంటే ఇన్సూరెన్సే ఎక్కువ చెబుతున్నారు, ఏం చేయాలని. చివరికి ఇన్సూరెన్స్ తీసుకున్నాను. రేటు తగ్గడానికి బాబాయిని మెయిన్ డ్రైవర్‌గా చూపించమని కొందరన్నారు గానీ, కారు రోజూ నడిపేది నేనైతే అది ఫ్రాంటింగ్, ఇక్కడ మోసం కిందే లెక్క, బయటపడితే పాలసీ రద్దు చేస్తారు. అందుకే నేనే మెయిన్, అప్పుడప్పుడూ నిజంగానే నడిపే బాబాయి రెండో డ్రైవర్. ఆయన పేరు చేర్చగానే రేటు తగ్గింది, ఎలా నడుపుతున్నామో గమనించడానికి కారులో పెట్టే బ్లాక్ బాక్స్‌తో ఇంకా తగ్గింది. స్పీడు, బ్రేకు, రాత్రి ఎన్నింటికి తిరుగుతున్నామో అన్నీ చూస్తుంది, మా అమ్మ ఫోన్‌లో పెట్టే నిఘా నయం! ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ చవకంటారు గానీ నాకు మన కారుకీ కలిపి వర్తించే కాంప్రిహెన్సివే తక్కువకొచ్చింది. నెలనెలా కడితే వడ్డీ వేస్తున్నారని ఏడాదిది ఒకేసారి కట్టేశాను.