డేటాషీట్ 4 బిట్లంటే డ్రైవర్‌లో 8 పెట్టాలా?

మిర్యాలగూడ బోర్డులు:
రైస్ మిల్లుల్లో డ్రయ్యర్ వేడి, ధాన్యం తేమ నమోదు చేసే లినక్స్ బోర్డులు తయారు చేస్తున్నాం. లోపల ఎస్ఎల్‌సీ నాండ్ ఫ్లాష్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ చిప్, ఒక్కో సెల్‌లో ఒక్క బిట్). పేజీ 2048 బైట్లు, దాని పక్కన ఓఓబీ (ఈసీసీ లాంటివి దాచే అదనపు చోటు) 64 బైట్లు. ప్రతి 512 బైట్లకు 4 తప్పు బిట్లు సరిదిద్దే ఈసీసీ (తప్పులు సరిదిద్దే కోడ్) చాలని చిప్ డేటాషీట్‌లో ఉంది. టీమ్‌లో కొందరు డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కు చెప్పే ఫైలు) స్ట్రెంత్, అంటే సరిదిద్దగల బిట్ల సంఖ్య, 4 పెడదామంటున్నారు. నేను 8 అంటున్నా. బోర్డు ఉండేది డ్రయ్యర్ పక్కన ఇనుప డబ్బాలో, పైగా మన మే నెల ఎండలు. వేడికి సెల్‌లోని చార్జ్ తొందరగా జారిపోతుంది. మీరేమంటారు?

పాలమూరు కెర్నల్:
4 చాలన్నా. చిప్‌కు రాసిచ్చిన ఉష్ణోగ్రతల పరిధి మొత్తానికీ ఆ అంకె వర్తిస్తుంది. ప్రాసెసర్‌లో ఈసీసీ హార్డ్‌వేర్ లేకపోతే బీసీహెచ్ (ఈసీసీలో ఒక రకం) లెక్కంతా సీపీయూ మీద పడుతుంది. రాసేటప్పుడే కాదు, చదివే ప్రతిసారీ. బూట్ లేటయితే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ కాసేపటి రికార్డు ఉండదు.

మిర్యాలగూడ బోర్డులు:
హార్డ్‌వేర్ ఉంది తమ్ముడూ, 8 వరకు చేస్తుంది.

నల్లగొండ ఫర్మ్‌వేర్:
హార్డ్‌వేర్ ఉంటే 8 వద్దనడానికి నాకైతే కారణం కనబడట్లేదు. 512 బైట్ల ముక్కకు బీసీహెచ్‌లో సరిదిద్దే ఒక్కో బిట్‌కు 13 పారిటీ బిట్లు (తప్పు సరిదిద్దడానికి దాచే అదనపు బిట్లు) కావాలి. స్ట్రెంత్ 4 అయితే ముక్కకు 7 బైట్లు, 8 అయితే 13. పేజీలో ముక్కలు నాలుగు కాబట్టి 52 బైట్లు. బ్యాడ్ బ్లాక్ (పాడైన పేజీల గుంపు) గుర్తుకు 2 బైట్లు తీసేసినా 64లో ఇంకా 10 మిగులుతాయి. యూబీఐ (ఫ్లాష్ బ్లాకులను చూసుకునే లినక్స్ పొర) ఎలాగూ ఓఓబీని ముట్టుకోదు. ఆ చోటు దాచిపెట్టి ఏం చేసుకుంటారు?

కాకపోతే మీరు స్ట్రెంత్ గురించే వాదిస్తున్నారు, బిట్‌ఫ్లిప్ త్రెషోల్డ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఒక ముక్కలో సరిదిద్దిన బిట్లు ఆ హద్దును తాకితేనే ఎంటీడీ పొర (లినక్స్‌లో ఫ్లాష్‌ను చదివి రాసే భాగం) ‘ఈయూక్లీన్’ (సరిదిద్దాను గానీ జాగ్రత్త) అని చెబుతుంది. అప్పుడే యూబీఐ ఆ డేటాను వేరే బ్లాక్‌కు మారుస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే లినక్స్ ఆ హద్దును స్ట్రెంత్‌లో ముప్పావు వంతుగా పెట్టుకుంటుంది. 4కు 3, 8కి 6. అంటే 8 పెట్టి ఊరుకుంటే ఐదు బిట్లు చెడినా డేటా అక్కడి నుంచి కదలదు. డేటాషీట్ ఒప్పుకున్న 4 కూడా దాటిపోయిన చోట మిల్లు రికార్డు పడి ఉంటుంది. స్ట్రెంత్ 8 ఉంచి, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు, లెక్కలు ఫైళ్లుగా కనిపించే చోటు) త్రెషోల్డ్‌ను 3కు దించండి. మూడో బిట్ దగ్గరే డేటా మారిపోతుంది, ఆలోపు ఇంకా చెడినా మరో ఐదు బిట్ల దాకా కాపాడుకోవచ్చు. రీబూట్ అయితే ఆ మార్పు పోతుంది, స్టార్టప్ స్క్రిప్ట్‌లో రాయండి.

పాలమూరు కెర్నల్:
అట్లయితే డేటా మాటిమాటికీ మారి, ఎరేజ్‌లు పెరిగి చిప్ తొందరగా అరిగిపోదా అక్కా?

నల్లగొండ ఫర్మ్‌వేర్:
1 పెడితే నువ్వన్నట్టే అవుతుంది. 3 దగ్గర ఆ భయం లేదు. ఎస్ఎల్‌సీ బ్లాకులు మామూలుగా లక్ష ఎరేజ్‌ల దాకా తట్టుకుంటాయి.

సూర్యాపేట సర్వీస్:
ఏదైనా పెట్టుకోండి గానీ ఇప్పటికే మిల్లుల్లో నడుస్తున్న బోర్డులకు అప్‌డేట్ పంపి 4ను 8 చేయకండి. పాత పేజీల ఓఓబీలో ఉన్నది ముక్కకు 7 బైట్ల లెక్క. కొత్త కెర్నల్ అక్కడ 13 బైట్లు ఆశించి, రాసి ఉన్న ప్రతి పేజీకీ -74 ఎర్రర్ (డేటా సరిదిద్దలేను) ఇస్తుంది. ఫ్లాష్ మొత్తం చెరిపి మళ్లీ రాయాల్సిందే. బూట్‌లోడర్‌కు, కెర్నల్‌కు, ఫ్యాక్టరీలో చిప్ రాసే ప్రోగ్రామర్‌కు లేఅవుట్ ఒకటే ఉండాలి. ప్రాసెసర్ బూట్ రోమ్ (ప్రాసెసర్ లోపలే ఉండే మొదటి ప్రోగ్రామ్) చదివే మొదటి భాగం మాత్రం వేరు, దానికి రోమ్ అడిగిన ఈసీసీనే ఉంచాలి. చిప్ పోయిందని రిపేరుకు తెచ్చే బోర్డుల్లో చిప్ బాగానే ఉండి, ఈ సెట్టింగులు కలవకపోవడం మస్తు చూశాను.

మిర్యాలగూడ బోర్డులు:
కొత్త బ్యాచ్‌కే మారుస్తాం. సీజన్ అయ్యాక బోర్డు నెలల తరబడి ఆఫ్‌లో ఉంటుంది, అదే నాకు టెన్షన్.

నల్లగొండ ఫర్మ్‌వేర్:
చదివితే తప్ప బిట్లు చెడిన సంగతి యూబీఐకి తెలియదు. ఎవరూ తెరవని పాత రికార్డుల్లో ఒక్కొక్కటే చెడుతూ పోయి ఒక రోజు 8 దాటుతుంది. మిల్లు తెరవగానే వాల్యూమ్ (డేటా ఉన్న యూబీఐ భాగం) మొత్తం ఒకసారి చదివించండి. నడిచే రోజుల్లో కూడా అప్పుడప్పుడూ చదివించాలి. సరిదిద్దిన బిట్ల లెక్క, సరిదిద్దలేకపోయిన లెక్క రెండూ సిస్‌ఎఫ్‌ఎస్‌లోనే కనిపిస్తాయి. అవి సర్వర్‌కు పంపితే ఏ మిల్లు బోర్డు వేడికి దెబ్బతింటోందో ముందే తెలుస్తుంది.

పాలమూరు కెర్నల్:
హార్డ్‌వేర్ ఉంది కాబట్టి ఈ బోర్డుకు 8 సరే. సాఫ్ట్‌వేర్ బీసీహెచ్ నడిపే చిన్న ప్రాసెసర్లకు మాత్రం నేను 4 అనే అంటా. త్రెషోల్డ్ 2కు దించుకుంటే సరిపోతుంది.

నల్లగొండ ఫర్మ్‌వేర్:
అప్పుడు చేతిలో మిగిలేది రెండు బిట్లే తమ్ముడూ. ఆ బోర్డును ఏసీ గదిలో పెట్టు, ఒప్పుకుంటా. డ్రయ్యర్ పక్కన మాత్రం నేను పెట్టను.