జోహర్ రాసింది ఎవరు? మోషే దె లియోన్ చేసింది మోసమేనా?

పాతప్రతి: యూదుల మార్మిక సంప్రదాయమైన కబ్బాలాకు మూలస్తంభం జోహర్ అనే గ్రంథం. రెండో శతాబ్దంలో రోమన్లకు చిక్కకుండా కొడుకుతో గుహలో తలదాచుకున్న గలిలయ గురువు షిమోన్ బర్ యోహాయ్ బోధ అని నమ్మకం. కానీ అది బయటికొచ్చింది 13వ శతాబ్దం చివర్లో, స్పెయిన్‌లోని కాస్టిల్‌లో, మోషే దె లియోన్ చేతుల మీదుగా. ఆయనే రాసి, పాత పేరు తగిలించి అమ్ముకున్నాడంటాను. 1305లో ఆయన పోయాక ఒక ధనవంతుడు, మూలప్రతి ఇస్తే మీ అమ్మాయిని కోడలిగా చేసుకుంటామని కబురు పెట్టాడట. అలాంటి ప్రతే లేదు, అంతా ఆయన సొంతంగా రాసిందే అందట భార్య. కూతురి సంబంధం వదులుకుని మరీ అబద్ధమాడుతుందా?

గోదారిగట్టు: ఆ ‘అందట’ దగ్గరే ఆగండి సార్. ఆవిడ చెప్పింది ధనవంతుడి భార్యతో. అక్కణ్ణించి ఇంకొకరి నోట పవిత్రభూమిలోని అక్కో నగరం నుంచి వచ్చిన ఇస్సాకు చెవిన పడింది. ఆయన కథనం మధ్యలోనే తెగిపోయింది. అదీ రెండు వందల ఏళ్ల తర్వాత అబ్రహాం జకూతో అనే పండితుడు రాసిన పుస్తకంలో దొరికింది. ఇదే ఇస్సాకుతో, మూలప్రతి అవిలా పట్టణంలో మా ఇంట్లోనే ఉంది, వస్తే చూపిస్తానని మోషే ఒట్టేశాడు. ఇల్లు చేరకుండానే దారిలో చనిపోయాడు. ఈ ఒట్టు చెల్లదు గానీ, ఇన్ని నోళ్లు దాటిన మాట చెల్లుతుందా?

పాతప్రతి: సరే, ఆవిణ్ణి వదిలేయండి. పుస్తకాన్నే అడుగుదాం. ఎక్కడో ఆసియా మైనర్‌లోని కప్పదొకియ అందులో గలిలయలో ఒక ఊరైపోయింది. పవిత్రభూమిపై ముస్లింల పాలన ప్రస్తావన ఉంది. రెండో శతాబ్దంలో ఇస్లాం ఏది? కబ్బాలాను నమ్మే యాకోబు ఎమ్డెనే 1768లో చాలా భాగాలు పాతవి కావన్నాడు. కబ్బాలా పరిశోధకుడు గెర్షోమ్ షోలెం 1941 నాటి పుస్తకంలో, మోషే హీబ్రూ రచనలతో పోల్చి, ప్రధాన భాగం ఆయనదేనని వాదించాడు.

చదువరి: మనకు వ్యాసుడి పేరు మీద ఎన్ని పురాణాలు లేవండీ? పెద్దాయన పేరు పెట్టుకోవడం కూడా భక్తే.

పాతప్రతి: భక్తే అయితే, ఇంట్లో ప్రతి ఉందని ఒట్టెందుకు?

గోదారిగట్టు: కప్పదొకియ తప్పు వల్ల తేలేది, రాసినవాడికి గలిలయ తెలియదని మాత్రమే. మోషే ఒక్కడే రాశాడని ఎలా తేలుతుంది? కాస్టిల్‌లోని ఒక బృందం కలిసి రాసిందని పరిశోధకుడు యెహుదా లీబెస్ వాదన. నాకూ అదే నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే జోహర్‌లో అన్ని భాగాలూ ఒకే చేతివాటంగా లేవు. అదే నిజమైతే, మోషే దగ్గర ఇతరులు రాసిన ప్రతులు ఉండే ఉంటాయి. అప్పుడు ‘అంతా ఆయన సొంతంగా రాసిందే’ అన్న సాక్ష్యం ఏమవుతుంది?

పాతప్రతి: బృందమే అనుకుందాం. వాళ్లూ కాస్టిల్ వాళ్లే, మోషే కాలం వాళ్లే కదా! మరి షిమోన్ నాటి ప్రతి అని ఇస్సాకు ముందు ఒట్టేసిందెవరు?