ఆగస్టు 15 ప్రసంగం, జాబితాలో ఒక పేరు

ప్రశ్న: సండే స్కూలు టీచరు, సీతాఫల్‌మండి

అందరికీ వందనాలు. ఇక్కడ ఒక బాప్టిస్టు సంఘంలో (సొంతంగా నమ్మి ఒప్పుకున్నవాళ్లకే మా దగ్గర బాప్తిస్మం) 11 ఏళ్లుగా సండే స్కూలు పిల్లలకు చెబుతున్నాను. ఆగస్టు 15కు ముందు వచ్చే ఆదివారం ఆరాధనలో పది నిమిషాలు మాట్లాడమని మా పాస్టరు అయ్యగారు అప్పగించారు. అంశమూ ఆయనే ఇచ్చారు: క్రీస్తు ఇచ్చిన స్వాతంత్ర్యం, దాన్ని కాపాడుకోవడం. పౌలు రాసిన గలతీ పత్రిక 5వ అధ్యాయం మొదటి వచనం ఎత్తుకుని, "దాస్యమను కాడి" దగ్గర కాసేపు ఆగి, రాజ్యాంగం మనకిచ్చిన హక్కులతో ముగిద్దామనుకున్నాను. రెండు పేజీలు రాసుకున్నాను కూడా.

పోయిన ఆదివారం ఆ రెండు పేజీలూ పనికిరాకుండా పోయాయి. నా తరగతిలో 15 ఏళ్ల అమ్మాయి ఉంది. వచ్చే నెల బాప్తిస్మం తీసుకునేవాళ్ల జాబితాలో తన పేరుంది. ఆ పేరు ఇచ్చింది తను కాదు, వాళ్ల అమ్మ. తరగతి అయ్యాక నాతో కలిసి చాపలు చుడుతూ, "టీచర్, నాకింకా నమ్మకం కుదరలేదు. ఇప్పుడు వద్దనవచ్చా?" అని అడిగింది. నేను "ప్రార్థన చేసుకో అమ్మా" అన్నాను. అంతకంటే పిరికి జవాబు ఇంకొకటి ఉండదని ఇల్లు చేరేలోపే తెలిసిపోయింది.

నా చిక్కు ఇది. మన ప్రార్థన కూటానికి ఎవరైనా అడ్డం వస్తే అది మన హక్కు అంటాం. మన పిల్ల "ఇంకా కాదు" అంటే తిరుగుబాటు అంటాం. ఈ రెండు మాటలనూ ఒకే నోటితో, అదీ ఆ అమ్మాయి మూడో వరుసలో కూర్చుని చూస్తుండగా, ఎలా చెప్పను?

జవాబు: నిరీక్షణ

సిస్టర్, మన పౌరస్థితి పరలోకంలో ఉంది. ఆరాధనలో రాజ్యాంగం, హక్కులు ఎందుకు? పాపం నుండి విడుదల గురించి చెప్పండి, చాలు. ఆ పాపకు వచ్చింది సందేహం, దానికి మందు ఉపవాస ప్రార్థన. తల్లిదండ్రులకు లోబడమని వాక్యంలోనే ఉంది కదా.

జవాబు: పాత ప్లీడరు, మారేడుపల్లి

టీచరమ్మా, నలభై ఏళ్లు నల్లకోటు తొడిగినవాడిని. కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పై సోదరుడికి ఒక మాట. పౌరస్థితి పరలోకంలో ఉందని పౌలు రాసింది ఫిలిప్పీయులకు. ఆ ఊళ్లోనే ఆయనను విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లవారాక చప్పుడు చేయకుండా వెళ్లిపొమ్మని కబురు పంపితే ఆయన కదల్లేదు. మేము రోమా పౌరులం, కొట్టించినవాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. అపొస్తలుల కార్యములు 16 మరోసారి చదవండి. పరలోక పౌరుడే భూమ్మీది హక్కును అణా పైసలతో సహా అడిగి తీసుకున్నాడు.

ఇక మీ చిక్కు. మీరు బాప్టిస్టులు గనుక చెబుతున్నాను, ఈ విషయంలో మీ పెద్దల చరిత్ర మీకు తెలిసినదానికంటే గొప్పది. 1612లో థామస్ హెల్విస్ అనే ఆయన ఇంగ్లండు రాజు మొదటి జేమ్సుకు పుస్తకమే రాసి పంపాడు: నువ్వు కూడా మట్టిలో కలిసే మనిషివే, నీ ప్రజల ఆత్మల మీద నీకు అధికారం లేదని. తన సంఘానికి మాత్రమే మినహాయింపు అడిగి ఊరుకోలేదు. ముస్లింలకు, యూదులకు, తప్పుడు బోధ చేసేవాళ్లనిపించుకున్నవాళ్లకు కూడా విశ్వాసం విషయంలో రాజదండన ఉండకూడదన్నాడు. న్యూగేట్ జైల్లో వేశారు, 1616 నాటికి అక్కడే పోయాడు.

అంత దూరం ఎందుకు, ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి చూడండి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని వచ్చినవాళ్లను మాత్రం ఆగమన్నాడు. దేవుడి కోసం వస్తున్నారో కూలిగింజల కోసం వస్తున్నారో తేలాలి కదా. కరువు సాయం ఆగిపోయాకనే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకెను ప్రతి వార్షికోత్సవంలోనూ మైకులో చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన "ఆగండి" అంటూ గడిపిన నెలల ఊసు ఎత్తం. ఆకలిగా ఉన్నవాణ్ణే ఆగమన్న సంఘం, పదో తరగతి పిల్లను తొందరపెట్టడం ఏమిటి?

రాజ్యాంగం 25వ అధికరణం మీరు ఎలాగూ చెబుతారు. మనవాళ్లు దాన్ని చివరి నుంచి చదువుతారు: మత ప్రచారం చేసుకునే హక్కు. అది విలువైనదే, కాదనను. కానీ అందులో మొదట వచ్చేది అంతరాత్మ స్వాతంత్ర్యం. ఇంకో సంగతి. 1985లో కేరళలో యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. యెహోవాసాక్షుల బోధను మీ అయ్యగారూ ఒప్పుకోరు, మా అయ్యగారూ ఒప్పుకోరు. అయినా రేపు మన పిల్లల మనస్సాక్షికి అడ్డం వచ్చినప్పుడు మన వకీలు మొదట తీసే కాగితం ఆ తీర్పే.

జవాబు: మల్కాజిగిరి అమ్మ

ప్లీడరు గారి చరిత్ర బాగుంది. నేను ఆ జాబితాలో పేరిచ్చే అమ్మల తరఫున రాస్తున్నాను, ఎందుకంటే నేనూ ఇచ్చాను.

మా అత్తగారికి జబ్బు ముదిరింది. మనవడి బాప్తిస్మం చూసి పోవాలని ఆశ. వాడికి 14 ఏళ్లు. కొత్త తెల్ల చొక్కా కుట్టించాం. తొట్టిలో దిగేముందు అయ్యగారు "నీ సొంత రక్షకునిగా అంగీకరించావా?" అంటే, వాడు ఆయన వైపు కాదు, నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు వాడు "అవును" అన్నాడు. ఫొటోలో ఆ క్షణం పడింది. ఆల్బం తీసినప్పుడల్లా ఆ పేజీ తిప్పేస్తాను.

వాడికిప్పుడు 26. క్రిస్మస్‌కు వచ్చి బిర్యానీ తింటాడు, చర్చికి మాత్రం రాడు. అడిగితే కోపం కూడా లేదు, "అప్పుడు నువ్వు చెప్పావు, చేశాను కదమ్మా" అంటాడు. ఆ పిల్ల తల్లి మీకు శత్రువు కాదు టీచర్. భయపడుతోంది, అంతే. ప్రసంగంలో దెప్పకండి. ఇంటికి వెళ్లి, టీ తాగుతూ మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు: సండే స్కూలు టీచరు, సీతాఫల్‌మండి

ఆదివారం అయిపోయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మల్కాజిగిరి అక్కా, మీ మాట విని శుక్రవారమే వాళ్లింటికి వెళ్లాను. టీ ఇచ్చారు, మాట మాత్రం ఇవ్వలేదు. "ఈ ఏడు ఆగితే వచ్చే ఏడు ఇంటర్, హాస్టల్, ఇంక ఎవరి చేతిలో ఉంటుంది?" అన్నారు. మీరన్న భయమే.

ఇంటికొచ్చి పాత కాగితాలు చింపి, గలతీ పత్రిక మొదటి నుంచి చదివాను. పదకొండేళ్లు పాఠం చెప్పినదాన్ని, సిగ్గేసింది. ఆ "కాడి" వేస్తున్నది రోమా ప్రభుత్వం కాదు. సంఘంలోకి వచ్చి, సున్నతి లేనిదే కుదరదని పట్టుబట్టిన భక్తిపరులు! అంత కోపంగా పౌలు రాసింది లోపలివాళ్ల మీద. దాన్ని నేను ఇన్నాళ్లూ బయటివాళ్ల వైపు తిప్పి చదివాను.

ఆ సంగతి చెప్పాను. హెల్విస్‌కు సమయం చాలలేదు. క్లౌ దొర ఆగమన్న సంగతి చెప్పేసరికి వెనక బెంచీల్లో ముసలివాళ్లు తలలెత్తారు, వాళ్లలో ఇద్దరి పూర్వీకులు గుండ్లకమ్మలో మునిగినవాళ్లేనట. అమ్మాయి గురించి ఒక్క మాట కూడా అనలేదు. పది నిమిషాలు పదిహేడయ్యాయి, అయ్యగారు గడియారం రెండుసార్లు చూశారు.

ఆరాధన తర్వాత ఆయన నన్ను పిలిచి, జాబితాలో పేరున్న ఏడుగురితోనూ తల్లిదండ్రులు లేకుండా విడివిడిగా మాట్లాడతానన్నారు. అది నేను అడగలేదు. ఆ అమ్మాయి ఏం చెబుతుందో తెలియదు, తల్లి నాకు వందనం చెప్పకుండానే ఆటో ఎక్కారు. అమ్మాయి మాత్రం చాపలు చుట్టడానికి ఆగింది.