చలికాలంలో ఏడాది సరుకు కొనడం పొదుపేనా?

పటమట కోడలు:
కార్తీకం వెళ్లగానే మా ఇంట్లో ఏటా మొదలయ్యే గొడవ ఇది. సంక్రాంతి లోపు బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి అన్నీ ఏడాదికి సరిపడా కొనేస్తే మళ్లీ ఏడాదిదాకా బెంగ ఉండదంటారు మా అత్తగారు. ఆవిడ తెనాలి దగ్గర పల్లెలో పెరిగారు. మేం బెజవాడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. నలుగురం, జీతం ఒక్కటే. అంత డబ్బు ఒకేసారి కావాలంటే తెలిసినవాళ్ల దగ్గర నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీకి తేవాలి. అప్పు చేసి సరుకు నింపితే అది పొదుపెలా అవుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఆన్‌లైన్‌లో ఆఫర్లు చూసి కొనుక్కోమని మాత్రం చెప్పకండి, ఆ మాట మావారు రోజూ చెబుతూనే ఉన్నారు.

లెక్కల మాస్టారు:
అమ్మా, బియ్యం ఒక్కటే తీసుకుని లెక్క వేద్దాం. రోజుకు కిలో చొప్పున ఏడాదికి 26 కిలోల బస్తాలు 14 కావాలి. (25 కాకుండా 26 ఏమిటని పిల్లలు అడుగుతుంటారు. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ సంచుల మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారులు ఇంకో కిలో కలిపి దాన్ని దాటేశారు.) బస్తా 1,400 అనుకుంటే మొత్తం 19,600. నెలనెలా కొంటే ఏడాది మీద సగటున బస్తాకు 150 ఎక్కువ పడుతుందనుకుందాం. అంటే ఒకేసారి కొంటే మిగిలేది 2,100. ఇప్పుడు వడ్డీ చూడండి. పన్నెండు సమాన వాయిదాల్లో తీర్చినా 1,911 అవుతుంది. ఏడాది చివర్లో ఒకేసారి తీరిస్తే 3,528. మొదటి పద్ధతిలో మీకు మిగిలేది 189 రూపాయలు, రెండో పద్ధతిలో నష్టం. ఒక్క బస్తాకు పురుగు పట్టినా ఆ 189 కూడా ఉండదు. రేట్లు నేను వేసుకున్నవి, మీ కొట్టు రేట్లు పెట్టి మళ్లీ చూసుకోండి. అప్పు చేసి మాత్రం కొనొద్దు.

అరండల్‌పేట అత్తయ్య:
మాస్టారు గారూ, మీ లెక్కలో అన్నం వండటం లేదు. డిసెంబర్, జనవరిలో వచ్చేది కొత్త బియ్యం. ఈ రోజు కొని ఈ రోజే వండితే ముద్దయిపోతుంది. అదే బీపీటీ బియ్యం ఆరు నెలలు ఇంట్లో ఉంచితే పాత బియ్యం అవుతుంది, అన్నం పొడిపొడిగా వస్తుంది, ఒదుగుతుంది కూడా. కొట్లో పాత బియ్యానికి ఎంత ఎక్కువ తీసుకుంటున్నారో చూశారా? ఆ తేడా మీ 150 లోకి రాలేదు. పూర్వం గుంటూరులో ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా ఊరి నుంచి వడ్లు తెచ్చుకుని కావలసినప్పుడు మర పట్టించుకునేవారు. లెక్క వాళ్లకు తెలియక కాదు.

లెక్కల మాస్టారు:
ఊళ్లో పొలం ఉన్నవాళ్లకు వడ్డీ లేదండీ. ఆ అమ్మాయికి ఉంది.

వన్‌టౌన్ కొట్టు:
నేను అమ్మేవాడిని కాబట్టి ఎక్కువ కొనండి అంటాననుకుంటారేమో. కానీ అన్నీ సంక్రాంతి లోపు కొనడం తెలివైన పని కాదు. డిసెంబర్‌లో మీకు దొరికే ఎండుమిర్చి చాలావరకు నిరుటిది, కోల్డ్ స్టోరేజీలో ఉన్న కాయ. కొత్త కాయ గుంటూరు యార్డుకు బాగా వచ్చేది ఫిబ్రవరి, మార్చిలో. కారం పట్టించుకునేది అప్పుడే. చింతపండు కూడా ఎండలు మొదలయ్యాకే కొత్తది వస్తుంది. దుగ్గిరాల పసుపూ అంతే. డెల్టాలో వరి కోశాక చల్లిన మినుము చేతికొచ్చేది కూడా ఫిబ్రవరి, మార్చిలోనే. చలికాలంలో కొత్తగా దిగేవి ధాన్యం, బెల్లం, కంది. కంది డిసెంబర్ చివర నుంచి వస్తుంది. పది కిలోల కందిపప్పు కావాలంటే నలుగురు కలిసి గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి ఒక బస్తా తీసుకుని పంచుకోండి. నా కొట్టుకు రాకపోయినా పర్లేదు.

సింగ్‌నగర్ వాసి:
ఇంతసేపూ అందరూ వడ్డీ, రుచి అంటున్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు మాది గ్రౌండ్ ఫ్లోర్. సంక్రాంతికి వేసుకున్న బియ్యంలో ఇంకా ఐదు బస్తాలున్నాయి. పప్పు, కారం, మినప్పప్పు డబ్బాలు వేరే. నీళ్లు తీశాక బస్తాలు కుళ్లు కంపు కొడుతుంటే వీధి చివర కుప్పలో పారేసి వచ్చాం. పక్కింటివాళ్లు నెలనెలా కొనుక్కునేవాళ్లు, వాళ్లకు పోయింది పదిహేను కిలోలు. అప్పటి నుంచి మా ఇంట్లో రెండు నెలలకు మించి సరుకు ఉండదు. పైగా మీరు సరుకు నింపే కాలమే తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది.

అరండల్‌పేట అత్తయ్య:
మీకు జరిగింది చాలా బాధాకరం నాయనా. కానీ అటక మీద పెట్టుకుంటే...

సింగ్‌నగర్ వాసి:
అటక మీద ఐదు బస్తాలు ఎవరు ఎక్కిస్తారండీ? అద్దె ఇళ్లలో అటకలు అంత బరువు ఆగుతాయా? పల్లెలో ఎత్తు అరుగుల ఇల్లు, గాదె ఉన్నవాళ్ల పద్ధతిని రెండు గదుల ఇంటికి తేకూడదంటున్నాను.

భవానీపురం తమ్ముడు:
బియ్యానికి పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలపొచ్చుగా? మా మెస్‌లో కలుపుతారు.

అరండల్‌పేట అత్తయ్య:
అది క్యారమ్ బోర్డు మీద చల్లుకో తమ్ముడూ, తినే బియ్యంలో వద్దు. ఎండిన వేపాకు వేసి, చెమ్మ లేని డబ్బాలో పోసి, నేల మీద కాకుండా చెక్క మీద పెడితే చాలు. కందిపప్పుకు కాస్త ఆముదం పట్టిస్తే నిలవుంటుంది.

పటమట అమ్మాయీ, అప్పు విషయంలో మాస్టారితో నాకు పేచీ లేదు. కానీ చలికాలం సరుకంటే బస్తాలేనా? డబ్బు పెద్దగా పెట్టకుండా నింపుకోగలిగేవి ఈ రోజుల్లోనే వస్తాయి. పచ్చి చింతకాయలు నవంబర్, డిసెంబర్‌లో రైతు బజారులో ఉంటాయి. గింజ ముదరకముందే తీసుకోవాలి. కడిగి, తడి పూర్తిగా ఆరాక, కిలోకు పావు కిలో రాళ్ల ఉప్పు, చెంచాడు పసుపు వేసి తొక్కి జాడీలో పెట్టు. మూడో రోజు తీసి ఈనెలు, గింజలు ఏరి మళ్లీ తొక్కి పెడితే ఏడాది ఉంటుంది. కూర లేని రోజు నిమ్మకాయంత తీసి పచ్చిమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరి పోపు పెడితే పూట గడిచిపోతుంది. ఉసిరి తొక్కు కూడా ఇలాగే. జనవరిలో పండుమిరపకాయలొస్తాయి, ఉప్పు, చింతపండు వేసి తొక్కి ఉంచు. బూడిద గుమ్మడికాయ ఒక్కటి కొంటే, మినప్పిండి కలిపి పెట్టిన వడియాలు నలుగురికి నెలల తరబడి వస్తాయి. వానలు తగ్గాక, మబ్బు లేనప్పుడు పెట్టు. వీటికెవరి దగ్గరా వడ్డీకి తేనక్కర్లేదు.

లెక్కల మాస్టారు:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. అయితే నలుగురున్న ఇంట్లో రోజూ తొక్కు పచ్చడంటే ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి. నాకు బీపీ ఉంది, మా ఆవిడ జాడీ నాకు అందకుండా పెడుతుంది.

పటమట కోడలు:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా అత్తగారికి చదివి వినిపించాను. సింగ్‌నగర్ అన్నయ్య రాసింది విని చాలాసేపు మాట్లాడలేదు. మేం మొదటి అంతస్తులో ఉన్నాం కాబట్టి ఆ భయం తక్కువే. అయినా అప్పు వద్దనుకున్నాం. చేతిలో ఉన్న డబ్బుతో కొత్త బియ్యం నాలుగు బస్తాలు తీసుకుని వేసవిదాకా ముట్టుకోం. ఈలోపు రోజువారీకి పాత బియ్యం నెలనెలా కొంటాం. కందిపప్పు కోసం మా వీధిలో ఇంకో ముగ్గురిని కలుపుకుని గొల్లపూడి వెళ్తాం. మిరపకాయలు మార్చిలోనే అంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు, "సంక్రాంతికి కారం లేకుండా ఎలా?" అంటున్నారు. అరకిలో కొని సర్దిచెబుతాను. తొక్కు మొదలుపెట్టాలి, మా ఇంట్లో ఉన్నది ఇనప రోలు. అందులో తొక్కొచ్చా?

అరండల్‌పేట అత్తయ్య:
ఇనుములో వద్దమ్మా, పులుపుకు నల్లబడుతుంది. రాతి రోలు ఎవరినైనా అడుగు. దొరక్కపోతే మిక్సీలో వేసి, గిర్రున తిప్పకుండా ఆపి ఆపి తిప్పు, మరీ మెత్తగా అవ్వకూడదు.