నవల ఉత్తినే కథ కోసం చదవడం ఎట్టా?

కావలి_చదువరి: ఎం.ఏ. తెలుగు చేసినవాళ్లని ఒకటి అడగాలి. నవల పట్టుకోగానే పాత్రచిత్రణ, శిల్పం, దృక్కోణం అంటూ మనసు పరీక్ష పేపరు రాయడం మొదలుపెడుతోంది. పేజీ నిండా గీతలే, కథ కదలదు. ఈ అలవాటు పోవాలంటే ఏం చెయ్యాలి?

ట్రంకురోడ్డు_నెల్లూరు: అన్నా, ముందుమాట జోలికి పోవద్దు. రాసే పెద్దలు ఒక్కోసారి ముగింపుతో సహా కథంతా చెప్పేస్తారు. ఇక వాళ్లు చెప్పింది నిజమా కాదా అని సరిచూసుకోవడమే మన పనవుతుంది. నవల అయ్యాక చదవండి, అప్పుడు రుచిస్తుంది.

మొదటి నలభై పేజీలు ఒకే విడతలో అవ్వాలి. రోజుకి ఐదేసి పేజీలైతే మనుషుల పేర్లే గుర్తుండవు, మాటిమాటికీ వెనక్కి తిప్పాల్సొస్తుంది. పేజీకి రెండు నిమిషాలు వేసుకోండి. పినాకిని రైలు నెల్లూరులో ఎక్కితే ఒంగోలు వచ్చేసరికి దాదాపు అయిపోతుంది.

పెన్సిలు దగ్గర పెట్టుకోవద్దు. వాక్యం మరీ నచ్చితే చీటీ ముక్క పెట్టి ముందుకు పొండి. ఎందుకు నచ్చిందో రాయబోతే అక్కడే ఆగిపోతారు.

చీరాల_పాతపుస్తకాలు: పాత వారపత్రికల సీరియల్ నవలలైతే ఇంకో చిక్కుంది. వారానికొకటిగా వచ్చినవి కదా, ప్రతి భాగం చివరా ఒక ఉత్కంఠ, తర్వాతి దాని మొదట్లో జరిగిందే మళ్లీ. పుస్తకంగా వరసబెట్టి చదివితే విసుగొస్తుంది. పూటకి మూడు నాలుగు భాగాలు చాలు, జరిగిందే చెప్పే పేరాలు దాటేయండి, తప్పేం లేదు. ఇట్టాంటి పాత పత్రికలు చూడాలంటే 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉండనే ఉంది.

ఒంగోలు_పాఠకురాలు: ఏ నవలతో మొదలుపెడతారన్నదే అసలు సంగతి. ‘చివరకు మిగిలేది’ కథ కోసం పట్టుకుంటే నిరాశే, అందులో జరిగేదానికంటే కథానాయకుడు దయానిధి ఆలోచనలే ఎక్కువ. దాన్ని తర్వాతకి ఉంచండి. ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం తీసుకోండి. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరతాడు, ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, విశ్లేషణకి తీరికే దొరకదు. మాండలికం అడ్డమొస్తే ఆ పేరా పైకి చదవండి, చెవికి తెలుస్తుంది. నిఘంటువు తీయొద్దు, అదే మాట రెండు మూడుసార్లు వచ్చేసరికి సందర్భమే అర్థం చెప్తుంది.

కావలి_చదువరి: రాత్రి పడుకునే ముందు చదవొచ్చా అక్కా?

ఒంగోలు_పాఠకురాలు: సగం దాటిందైతే సరే. కొత్తది మాత్రం రాత్రి మొదలుపెట్టొద్దు, పేర్లు కుదురుకోకముందే నిద్రొస్తుంది. ఆపేటప్పుడు అధ్యాయం చివర కాకుండా ఏదో సంభాషణ మధ్యలో ఆపండి, మర్నాడు తేలిగ్గా అందుకుంటారు.