లైకా కొనలేను. 70 వేలల్లో చిన్న బాడీ, పెద్ద సెన్సర్ కెమెరా ఏది?

వశిష్ఠ ఒడ్డు:
నమస్తే అండి. మాది నరసాపురం. నా దగ్గరున్నది పాత డీఎస్ఎల్ఆర్, దానికో జూమ్ లెన్స్. మా రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు (ఏరు దాటించే పడవ) మీద వెళ్లే జనాన్ని తీయాలని ఎప్పట్నుంచో కోరిక. కెమెరా సంచిలోంచి బయటికి తీశానా, మాటలు ఆగిపోతాయి. "ఏ పేపరండి?" అని ఒకరు, "మాదెందుకండీ ఫోటో" అని ఒకరు. పిల్లలైతే వరసగట్టి నిలబడిపోతారు.

లైకా అనే జర్మన్ కంపెనీ ఎం కెమెరాలతో వీధుల్లో తీసిన ఫోటోలు చూసి మనసు అటు లాగింది. తీరా చూస్తే 2022లో వచ్చిన ఎం11 విడుదల ధరే అమెరికాలో 8,995 డాలర్లు, లెన్స్ వేరే కొనుక్కోవాలి. ఆ ఆలోచన మానేశాను. నా బడ్జెట్ 70 వేలు, సెకండ్‌హ్యాండ్ అయినా పరవాలేదు. రికో జీఆర్ త్రీ, ఫూజీ ఎక్స్100 వరస, ఈ రెంటి మధ్య ఊగుతున్నాను. ఫోన్ చాలదా అనకండి. చీకటి పడ్డాక పంటులో తీస్తే మొహాలు మైనం పూసినట్టు వస్తున్నాయి.

కొబ్బరాకు:
ఇంకొంచెం కూడబెట్టి సోనీ ఏ7సీ పాతది చూడు బ్రదర్. ఫుల్‌ఫ్రేమ్ ఫుల్‌ఫ్రేమే, అంటే సెన్సర్ ఫిల్ము ఫ్రేమంత పెద్దది. బాడీ 509 గ్రాములే. ఒకసారి ఖర్చు పెడితే మళ్లీ వెనక్కి చూడక్కర్లేదు.

అమలాపురం స్టూడియో:
తమ్ముడూ, నాది స్టూడియో పని. మా నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35 ఇప్పటికీ బీరువాలో ఉంది. లైకా కాదు గానీ అదీ రేంజ్‌ఫైండరే. కిటికీలోంచి చూస్తే మధ్యలో పసుప్పచ్చటి మచ్చ, అందులో మనిషి రెండుగా కనపడతాడు. రింగు తిప్పుతుంటే ఒక బొమ్మ జరిగి జరిగి రెండోదాని మీద కూర్చుంటుంది, అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. చూసేది లెన్స్‌లోంచి కాదు కాబట్టి ఫ్రేము గీతల బయట ఏం జరుగుతోందో కూడా తెలుస్తూనే ఉంటుంది. పక్కనుంచి సైకిలు వస్తోందంటే ఫ్రేములోకి రాకముందే మనం సిద్ధం. లైకా మీద ఎర్ర చుక్క (దాని గుర్తు) సంగతి వదిలెయ్. నీకు కావలసింది ఈ రెండే: దూరం ముందే కుదుర్చుకోవడం, గీతల బయట చూడగలగడం.

మొదటిది జీఆర్ బాగా ఇస్తుంది. రెండోది ఎక్స్100 ఇస్తుంది.

జీఆర్ త్రీ 2019లో వచ్చింది. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది, ఫోన్‌లోదానికంటే చాలా పెద్దది), 28 ఎంఎం చూపు (ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది), బ్యాటరీ కార్డుతో సహా 257 గ్రాములు. చొక్కా జేబులో వేసుకుని సంతంతా తిరగొచ్చు. దాని అసలు విద్య స్నాప్ ఫోకస్. దూరం 2.5 మీటర్లని ముందే పెట్టుకుని బటన్ కిందికంటా ఒక్కసారే నొక్కితే, వెతుక్కోకుండా ఆ దూరానికే తీసేస్తుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే చిన్నదవుతుంది) ఎఫ్/8లో ఉంటే సుమారు 1.1 మీటరు నుంచి కనుచూపు మేర దాకా పదునుగానే ఉంటుంది. 40 ఎంఎం చూపుండే జీఆర్ త్రీ ఎక్స్‌లో అదే అమరికకి దాదాపు 1.6 నుంచి 6 మీటర్ల దాకానే. అందుకే గుంపులో తీసేవాడికి నేను 28 వైపే మొగ్గుతాను.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వచ్చావా ఎప్పుడైనా? గంగలకుర్రు ప్రభలు (భుజాల మీద మోసే ఎత్తైన దేవుడి అలంకారాలు) కౌశిక ఏటిలోకి దిగేటప్పుడు ఒడ్డున నిలదొక్కుకోవడమే గొప్ప. ఎడంచేత్తో పక్కవాడి భుజం పట్టుకుని, కుడిచేత్తో జీఆర్‌ని ఛాతీ ఎత్తున పెట్టి, స్క్రీన్ వంక చూడకుండా నొక్కుకుంటూ పోయాను. "అశ్శరభ శరభ" అని అరుస్తూ నీళ్లలోకి దిగుతున్న కుర్రాడి మెడ నరాలు, గెడ ఒరుసుకుని ఎర్రబడిన భుజం, ఆ భుజం మీద మడతపెట్టి వేసుకున్న తడి తువ్వాలు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. నా పెద్ద కెమెరాతో అయితే కంటికి ఆనించేలోపే ప్రభ అవతలి ఒడ్డుకి చేరేది.

అయినా సరే, నీకు నేను జీఆర్ చెప్పను. దానికి వ్యూఫైండర్ లేదు. మిట్టమధ్యాహ్నం రొయ్యల చెరువు గట్టు మీద స్క్రీన్ చూసి ఫ్రేము కట్టడం కష్టం. ఒక బ్యాటరీకి 200 ఫోటోల లెక్క. వెదర్ సీలింగ్ (దుమ్ము, తడి లోపలికి పోకుండా అడ్డు) లేదు, ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ బయటికొచ్చి లోపలికి పోతుంది. అంతర్వేది ఇసుక, నూర్పిళ్ల దుమ్ము లోపల చేరితే లెన్స్ ఊడదు కాబట్టి సెన్సర్‌ని ఇంట్లో తుడుచుకోలేం. ముఖ్యంగా నీ ఫోటోలు చీకటి పడ్డాక పంటులోవి. జీఆర్ లెన్స్ ఎఫ్/2.8, ఎక్స్100ది ఎఫ్/2. ఒక స్టాప్ తేడా, అంటే ఎక్స్100లోకి రెట్టింపు వెలుతురు. జీఆర్‌లో స్టెబిలైజేషన్ ఉంది నిజమే, అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ ఎదుటి మనిషి తల తిప్పితే ఏం చేస్తుంది?

నీకు ఎక్స్100ఎఫ్. 2017ది, ఇదీ 24 మెగాపిక్సెలే, 35 ఎంఎం చూపు, 469 గ్రాములు. ముందున్న చిన్న మీట లాగితే వ్యూఫైండర్ ఎలక్ట్రానిక్ నుంచి మామూలు అద్దానికి మారుతుంది. తెల్లగీతల ఫ్రేము, దాని బయట పంటు, జనం, ఏరు. లెన్స్ చుట్టూ అపర్చర్ రింగు, పైన షట్టర్ డయల్, అంటే ఆన్ చేయకముందే సెట్టింగు కంటికి తెలిసిపోతుంది. లీఫ్ షట్టర్ (లెన్స్ లోపలే ఉండే చిన్న రేకుల రకం) కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు. ఎదురు బల్ల మీద కూర్చున్న మామ్మగారు తలెత్తరు. ఎండకి లోపలే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే ముదురు అద్దం) ఉంది, మూడు స్టాపులు తగ్గిస్తుంది. దీనికీ సీలింగ్ లేదు. 2020లో వచ్చిన ఎక్స్100వీకి ఉంది గానీ, ముందు అడాప్టర్ రింగు, ఫిల్టరు బిగిస్తేనే. 2024 నాటి ఎక్స్100 సిక్స్‌లో 40 మెగాపిక్సెల్, స్టెబిలైజేషన్ కూడా ఇచ్చారు, ధర మన మాట కాదు.

@కొబ్బరాకు గారూ, ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యం ఏపీఎస్-సీకి 2.35 రెట్లు. ఒక స్టాపు కంటే కాస్త ఎక్కువ లాభం, కాదనను. దాని లెన్స్ ముందుకి పొడుచుకొస్తే ఈ అబ్బాయికి మళ్లీ "ఏ పేపరండి" మొదలే కదండి.

భీమవరం బ్రిడ్జి:
మాస్టారి మాటకి నాదో చేర్పు. ఫూజీ ఎక్స్-ఈ3 కూడా చూడొచ్చు. అదీ 24 మెగాపిక్సెల్, 337 గ్రాములు, 27 ఎంఎం పాన్‌కేక్ (పలచటి) లెన్స్ ఇంకో 78. సెన్సర్ మీద మచ్చ పడితే లెన్స్ విప్పి మనమే శుభ్రం చేసుకోవచ్చు. నేను అడాప్టర్‌తో పాత రష్యన్ లెన్స్ జుపిటర్-8, 50 ఎంఎం ఎఫ్/2, వాడుతున్నాను. చూపు 75 ఎంఎం అవుతుంది, దూరాలు లెన్స్ మీదే చెక్కి ఉంటాయి. గునుపూడి గుడి దగ్గర పూలమ్ముకునేవాళ్లని తీయడానికి నాకు ఇంతకంటే సుఖంగా ఏదీ లేదు.

వశిష్ఠ ఒడ్డు:
అందరికీ దణ్ణాలండి. అద్దంలోంచి పంటంతా కనపడుతుందన్న మాటకే తేలిపోయింది, ఎక్స్100ఎఫ్ తీసుకుంటాను. రాజమండ్రిలో ఒకరి దగ్గర ఉందన్నారు. వెళ్లినప్పుడు ఏమేం చూసుకోవాలి? మా ఇల్లు ఏటికి దగ్గర, బూజు భయం కూడా ఉందండి.

అమలాపురం స్టూడియో:
పగటిపూట వెళ్లు. ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి, ఫోటోని పెద్దది చేసి మూల మూలకీ జరుపుతూ చూడు. నల్ల మచ్చలు అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట ఉంటే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు. లెన్స్ మీద టార్చి ఏటవాలుగా వేసి చూస్తే బూజు సన్నటి దారాల్లా తెలుస్తుంది. ఆ దారాలు కనపడితే ఎంత తగ్గించినా తీసుకోకు. వ్యూఫైండర్ మీట అటూ ఇటూ లాగి చూడు, ఎన్‌డీ ఫిల్టర్ మెనూలో ఆన్ చేసి వెలుతురు తగ్గుతోందా గమనించు. బ్యాటరీ ఎన్‌పీ-డబ్ల్యూ126ఎస్, రెండోది ఇస్తారేమో అడుగు.

ఇంటికి తెచ్చాక తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచకు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకో. జెల్ రంగు మారితే వేయించి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ గదిలోంచి ఏటి గట్టుకి వస్తే వెంటనే సంచి విప్పకు, కెమెరాకి బయటి వేడి పట్టేదాకా ఆగు. ధర దగ్గర తేలకపోతే ఇక్కడే రాయి, మన ప్రాంతంలో వాడేవాళ్లు ఇంకొందరున్నారు, అడిగి పెడతాను.